ఖాళీ బండిలో 55 దగ్గర అదురు, లోడు ఎక్కితే మాయం: ప్రొపెల్లర్ షాఫ్టా, ఇంకేదైనానా?

ఆరుచక్రాలు:
అందరికీ నమస్కారం. నాది ఆరు చక్రాల బండి, ఆరు సిలిండర్ల ఇంజిను, 6 గేర్ల బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు (గేరు బాక్సు తిరుగుడుని వెనక చక్రాల వైపు తీసుకెళ్ళే పొడవాటి గొట్టం) రెండు ముక్కలు, మధ్యలో దాన్ని పట్టుకునే సెంటర్ బేరింగ్, వెనక కమాన్ పట్టీలు (స్ప్రింగ్ పట్టీలు). టైర్లు 10.00ఆర్20. సమస్య ఏంటంటే స్పీడు 50 కిమీ దాటగానే కింద నుంచి ఒక అదురు మొదలవుతుంది, 55 దగ్గర బాగా ఎక్కువ, సీటు కింద ఫ్లోరు మొత్తం బూమ్ అని మోగుతుంది, 62-63 దాటితే తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఇదంతా ఖాళీగా ఉన్నప్పుడే. ఫుల్ లోడ్ మీద ఉంటే దాదాపు తెలియదు. స్టీరింగ్‌లో ఏమీ ఊగదు, బ్రేకు కొట్టినా మార్పు లేదు.

ఇప్పటిదాకా చేసినవి: వెనక టైర్లు ముందుకి ముందువి వెనక్కి మార్చాం, సెంటర్ బేరింగ్ రబ్బరుతో సహా కొత్తది వేశాం, షాఫ్టు జాయింట్లలోని క్రాసులు మూడూ మార్చాం, షాఫ్టు విప్పి బ్యాలెన్సింగ్ చేయించాం. ఏదీ పనిచేయలేదు. మెకానిక్ ఇప్పుడు క్లచ్ సెట్ దించుదాం అంటున్నాడు. అంత పని పెట్టుకునే ముందు ఇక్కడ ఒకసారి అడుగుదామని.

గ్రీజుచేతులు:
క్లచ్ దించకండి బ్రదర్, ముందు రెండు టెస్టులు చేయండి. ఒకటి, బండి నిలబెట్టి న్యూట్రల్‌లో ఇంజిను మెల్లగా రేజ్ చేస్తూ 1500 నుంచి 2000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా తీసుకెళ్ళండి, అదే అదురు వస్తుందా. రెండు, చదునుగా ఖాళీగా ఉన్న రోడ్డు మీద 60కి తీసుకెళ్ళి న్యూట్రల్ చేసి వదిలేయండి, 55 దాటి కిందకి వచ్చేటప్పుడు అదురు ఉందా లేదా చూడండి. దిగుడులో మాత్రం న్యూట్రల్ వద్దు, ఎయిర్ ప్రెషర్ ఫుల్‌గా ఉండాలి, వెనక బండ్లు ఉండకూడదు.

లాంగ్‌రూట్:
నాకైతే ఇది షాఫ్టు బ్యాలెన్సే అనిపిస్తోంది. ఒకసారి చేయించాం అంటే సరిగా చేసినట్టు కాదు, చాలాచోట్ల రెండు ముక్కలూ విడివిడిగా తిప్పి బరువులు వెల్డ్ చేసి పంపించేస్తారు. సెంటర్ బేరింగ్‌తో కలిపి మొత్తం ఒకటిగా తిప్పి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఇంకోచోట చేయించండి అన్నా.

ఆరుచక్రాలు:
@గ్రీజుచేతులు చేశాను. నిలబెట్టి రేజ్ చేస్తే ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. న్యూట్రల్‌లో వదిలేస్తే అదురు ఉంది, అదే 55 దగ్గరే ఎక్కువ. ఇంకో విషయం గమనించాను, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కి లాగుతున్నప్పుడు కొంచెం తక్కువ, కాలు తీయగానే ఎక్కువ. నేను రివర్స్‌లో ఉంటుందనుకున్నాను, లాగేటప్పుడే షాఫ్టు మీద లోడు కదా.

గ్రీజుచేతులు:
మంచిది, అయితే ఇంజినూ ఫ్లైవీలూ క్లచ్చూ దాదాపు పక్కకి వెళ్ళిపోయినట్టే. ఇంకొక్క టెస్టు చేస్తే పూర్తిగా ఖాయం చేసుకోవచ్చు. మీ టాప్ గేరు డైరెక్ట్ అయితే, అంటే 1:1 అయితే, ఆరో గేరులో ఇంజినూ ప్రొపెల్లర్ షాఫ్టూ ఒకే స్పీడులో తిరుగుతాయి, అందుకే ఆ గేరులో ఏది అదురుతోందో విడదీసి చెప్పడం కుదరదు. అదే 55 ని ఐదో గేరులో తీసుకురండి. ఇంజిను ఆర్‌పీఎం పెరుగుతుంది కానీ షాఫ్టు స్పీడు మారదు. అదురు అదే 55 దగ్గర అదే తీరులో ఉంటే అది గేరు బాక్సు వెనకదే. ఆర్‌పీఎంతో పాటు జరిగి తక్కువ స్పీడులో వస్తే ముందుది.

లాగేటప్పుడు తక్కువ, కాలు తీస్తే ఎక్కువ అన్నారే, అది చాలా ముఖ్యమైన మాట. దాని గురించి తర్వాత వస్తాను, ముందు ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకి ఎన్నిసార్లు అదురుతోందో, కొలవండి.

కొత్తఓనర్:
ఫ్రీక్వెన్సీ ఎలా కొలుస్తారు? దానికి మెషిన్ కావాలా?

షాఫ్ట్‌పని:
ఫోను చాలు. ఫోన్లో కదలికని పసిగట్టే యాక్సిలరోమీటర్ ఉంటుంది, దాన్ని చదివి ఏ హెర్ట్జ్‌లో (సెకనుకి ఎన్నిసార్లు అన్న లెక్క) ఎంత అదురు ఉందో గ్రాఫ్ వేసే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ఫోనుని సీటు పట్టా మీదో గేరు లివరు పక్కన ఫ్లోరు మీదో గట్టిగా టేపు వేసి అతికించండి, చేత్తో పట్టుకుంటే మాత్రం పనికిరాదు. స్పీడు ఒకే దగ్గర నిలిపి ఓ పది ఇరవై సెకన్లు రికార్డ్ చేయాలి, అదీ పక్కన ఇంకొకరు కూర్చుని చేయాలి.

లెక్క ఏంటంటే @ఆరుచక్రాలు మీ టైరు ఒక చుట్టుకి సుమారు 3.2 మీటర్లు నడుస్తుంది. 55 కిమీ అంటే సెకనుకి 15.3 మీటర్లు, అంటే చక్రం సెకనుకి 4.8 చుట్లు. చక్రం, టైరు, డ్రమ్ము బాధ అయితే 5 హెర్ట్జ్ దగ్గర పీక్ (గ్రాఫ్‌లో పైకి లేచిన గీత) వస్తుంది, అది లెక్కపెట్టగలిగేంత నిదానం, బండి ఊగినట్టు ఉంటుంది కానీ బూమ్ అని మోగదు. మీ క్రౌన్ పినియన్ (షాఫ్టు తిరుగుడుని చక్రాల వైపు మళ్ళించే వెనక గేర్ల జత) పళ్ళెన్నో చెప్తే షాఫ్టు లెక్క చెప్తాను.

ఆరుచక్రాలు:
హౌసింగ్ (వెనక యాక్సిల్ గూడు) ప్లేటు మీద 41/7 అని ఉంది. ఐదో గేరులో కూడా చూశాను, అదురు అదే 55 దగ్గరే, ఏం మారలేదు.

షాఫ్ట్‌పని:
41ని 7తో భాగిస్తే 5.86. 4.8 ఇంటూ 5.86 అంటే షాఫ్టు సెకనుకి 28 చుట్లు. షాఫ్టు బ్యాలెన్స్ పోయినా, ట్యూబు వంగినా, ఫ్లాంజ్ (షాఫ్టు చివర బోల్టులతో బిగించే బిళ్ళ) సెంటర్ తప్పినా 28 దగ్గర పీక్ కనిపించాలి, ఎందుకంటే బరువు ఉన్న వైపు ఒక చుట్టుకి ఒక్కసారే తంతుంది. క్రాసుల కోణాల బాధ అయితే దానికి రెట్టింపు, 56 దగ్గర వస్తుంది. కోణంలో తిరిగే క్రాసు ఒక చుట్టులో రెండుసార్లు తొందరపడుతుంది రెండుసార్లు నిదానిస్తుంది, అది ఆ జాయింటు తయారీలోనే ఉన్న గుణం, కొత్త క్రాసు వేసినా పోదు.

28 ఆ 56 ఆ, ఇదొక్కటి తేలితే సగం బండి విప్పక్కర్లేదు. 45 దగ్గర కూడా ఒక రీడింగు తీసుకోండి, స్పీడుతో పాటు పీక్ జరుగుతోందో లేదో ఖాయం అవుతుంది.

లాంగ్‌రూట్:
ఈ యాప్‌ల మీద నాకు అంత నమ్మకం లేదు, చెవీ కాలూ చెప్పినంత అవి చెప్పవు. నేను ఇన్నేళ్ళలో చూసిన షాఫ్టు అదుర్లన్నీ బ్యాలెన్స్‌వే, లేదంటే ట్యూబుకి దెబ్బ తగిలి సొట్ట పడినవి.

షాఫ్ట్‌పని:
మీ అనుభవాన్ని కాదనడం లేదు అన్నా, సొట్టలు, మట్టి పట్టడం, వెల్డ్ చేసిన బరువు ఊడిపోవడం, ఇవే ఎక్కువ వస్తాయి నిజమే. కానీ బ్యాలెన్స్ పోయిన షాఫ్టు లోడు ఎక్కితే బాగుపడదు. ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా అదే బరువు అదే వైపు తంతుంది కదా. లోడుతో మారేది ఏది? హౌసింగ్ ఎత్తు. హౌసింగ్ ఎత్తు మారితే మారేది షాఫ్టు కోణం. అందుకే నాకు అనుమానం.

ఆరుచక్రాలు:
రీడింగులు వచ్చాయి. 55 దగ్గర పెద్ద పీక్ 56లో. పక్కన 28లో చిన్నది ఉంది, పెద్దదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. 45 దగ్గర పీక్ 46కి వచ్చింది, కానీ చాలా చిన్నగా. 5 దగ్గర ఏమీ లేదు.

షాఫ్ట్‌పని:
అయితే కోణాలే. 45 దగ్గరా ఉంది, 55 దగ్గర మాత్రం ఫ్లోరో చాసిస్‌లో ఇంకేదో ఆ ఫ్రీక్వెన్సీకి పలుకుతోంది కాబట్టి పెద్దగా వినిపిస్తోంది. ఇక బ్యాలెన్సింగ్‌కి మళ్ళీ పంపకండి, ట్యూబు మీద క్లాంపులు బిగించి చూసే పని కూడా వద్దు, అవన్నీ 28 కి మందులు, 56 కి కాదు.

షాఫ్టు బిగించేటప్పుడు యోకులు (క్రాసుని పట్టుకునే కొమ్ములు) ఒకే వరసలో ఉన్నాయా చూడండి. స్ప్లైన్ (షాఫ్టు ముక్కలు ఒకదాంట్లో ఒకటి కూర్చునే పళ్ళ భాగం) విప్పి మళ్ళీ ఎక్కించేటప్పుడు ఒక్క పన్ను తేడా వచ్చినా ఇలాగే అదురుతుంది, బాణం గుర్తులు ఎదురెదురుగా ఉండాలి.

ఆరుచక్రాలు:
బాణం గుర్తులు సరిగ్గానే ఉన్నాయి, ఫోటో తీసి మరీ చూశాను. కంటికి కూడా యోకులు వరసగానే కనిపిస్తున్నాయి.

కమాన్‌మేస్త్రి:
బాబూ ఒక మాట అడుగుతాను. ఈ అదురు మొదలవ్వక ముందు వెనక కమాన్ పని ఏమైనా చేయించారా? పట్టీ మార్చడం, వంపు పెంచడం, యూ బోల్టులు విప్పడం, ఏదైనా సరే.

ఆరుచక్రాలు:
చేయించాం మేస్త్రిగారూ. వెనక మెయిన్ పట్టీ విరిగితే రెండు వైపులా కట్ట విప్పి పట్టీలు మార్చి వంపు పెట్టించాం. అదురు ఆ తర్వాతే వచ్చింది, కానీ వెంటనే అని చెప్పలేను, ఎందుకంటే పని అయ్యాక బండి చాలా రోజులు లోడు మీదే తిరిగింది, ఖాళీగా హైవే ఎక్కింది తర్వాతే.

కమాన్‌మేస్త్రి:
అక్కడ చూడండి. కొన్ని బండ్లలో కమాన్ కట్టకీ హౌసింగ్ దిమ్మకీ మధ్య ఒకవైపు మందంగా ఒకవైపు పల్చగా ఉండే ప్లేటు ఒకటి ఉంటుంది, వెడ్జ్ అంటారు. పినియన్ ముక్కు (షాఫ్టు వచ్చి కలిసే చివర) ఎంత పైకి చూడాలో అదే నిర్ణయిస్తుంది. కట్ట విప్పినప్పుడు అది కింద పడిపోతుంది, తుడిచి మళ్ళీ పెట్టేటప్పుడు తిరగేసి పెట్టినా బోల్టు రంధ్రం సరిపోతుంది, ఎవరికీ తేడా తెలియదు. రెండు డిగ్రీల వెడ్జ్ తిరగబడితే మొత్తం తేడా నాలుగు డిగ్రీలు అవుతుంది, ఎందుకంటే ఇటు రెండు పోయి అటు రెండు చేరుతుంది. కమాన్ హౌసింగ్ పైన కూర్చునే బండిలో పినియన్ ముక్కు పైకి ఉండాలంటే మందం అంచు వెనక్కి ఉండాలి. ఇంకా సెంటర్ బోల్టు విరిగిందా, దాని తల హౌసింగ్ దిమ్మ గుంటలో సరిగా కూర్చుందా అదీ చూడండి.

గ్రీజుచేతులు:
నేను ఆపి ఉంచిన మాట ఇదే. లాగేటప్పుడు వెనక చక్రాల మీద పడే టార్కుకి హౌసింగ్ వెనక్కి తిరగబోతుంది, కమాన్ పట్టీలు కొంచెం మెలిపడి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. కాలు తీస్తే అదే ముక్కు కిందకి దిగుతుంది. మీకు ముక్కు లేచినప్పుడు తగ్గి దిగినప్పుడు పెరుగుతోంది అంటే ముక్కు ముందే కిందకి చూస్తోందన్నమాట. అదే ముక్కు పైకి ఎక్కువ ఉన్న బండి అయితే లాగేటప్పుడే అదిరేది. మేస్త్రిగారి మాటకీ మీ కాలు చెప్పిన మాటకీ సరిపోయింది. ఇక అంచనాలు ఆపి కోణాలు కొలవండి.

కొత్తఓనర్:
కోణాలు కొలిచే పద్ధతి కూడా పూర్తిగా రాయండి అన్నా, మాలాంటి వాళ్ళకి పనికొస్తుంది.

గ్రీజుచేతులు:
అయస్కాంతం ఉన్న డిజిటల్ యాంగిల్ గేజ్ తీసుకోండి, ఫోను కూడా చేస్తుంది కానీ కేసు తీసేసి అంచు శుభ్రంగా ఉండాలి. బండి చదును నేల మీద, తన చక్రాల మీదే నిలబడి ఉండాలి. జాకీ పెట్టి చాసిస్ ఎత్తితే హౌసింగ్ వేలాడిపోయి కోణాలన్నీ అబద్ధం చెప్తాయి. చక్రాలకి ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టండి, ఇంజిను ఆఫ్, తాళం మీ జేబులో. షాఫ్టు తిరుగుతుండగా కిందకి ఎవరూ వెళ్ళకూడదు, ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే, బట్ట అంచు చిక్కితే చాలు మనిషిని లాగేస్తుంది.

నాలుగు చోట్ల కొలవాలి: గేరు బాక్సు అవుట్‌పుట్, ముందు షాఫ్టు, వెనక షాఫ్టు, పినియన్. షాఫ్టుల మీద ట్యూబు మధ్యలో రంగూ మట్టీ గోకి గేజ్ పెట్టండి, వెల్డ్ మీదా బ్యాలెన్స్ బరువు మీదా పెట్టకండి. పినియన్‌కి యోకు నిలువుగా వచ్చేలా తిప్పి కింద ఉన్న క్రాసు కప్పు ముఖం మీద పెడితే సరైన రీడింగు వస్తుంది, హౌసింగ్ పోత మీద పెడితే రాదు. పక్కపక్క రెండింటి తేడాయే ఆ జాయింటు కోణం. ప్రతిదీ వెనక్కి పల్లమా ముందుకి పల్లమా అని కూడా రాసుకోండి, ఇది రాసుకోకపోతే కూడాలో తీసేయాలో తెలియక తల తిరుగుతుంది.

ఆరుచక్రాలు:
ఖాళీ బండి, ఎయిర్ ఫుల్. అన్నీ వెనక్కి పల్లమే: గేరు బాక్సు 4.0, ముందు షాఫ్టు 4.5, వెనక షాఫ్టు 8.5, పినియన్ 0.5. పినియన్ రెండుసార్లు చూశాను, అంతే వస్తోంది.

షాఫ్ట్‌పని:
దొరికింది. గేరు బాక్సు జాయింటు అర డిగ్రీ, మధ్య జాయింటు 4, పినియన్ జాయింటు 8. ఉండాల్సింది ఏంటంటే మధ్య జాయింటూ పినియన్ జాయింటూ సమానంగా ఉండాలి, ఒకటి తొందరపెట్టినదాన్ని రెండోది నిదానింపజేసి పినియన్‌కి నున్నటి తిరుగుడు అందించాలి. ఒక్కో జాయింటు తెచ్చే కుదుపు దాని కోణం వర్గంతో పెరుగుతుంది, అంటే కోణం రెట్టింపైతే కుదుపు నాలుగింతలు. 8 వర్గం 64, 4 వర్గం 16, తీసేస్తే 48, దాని వర్గమూలం సుమారు 6.9. అంటే మీ పినియన్ 6.9 డిగ్రీల ఒంటరి జాయింటుతో నడుస్తున్నట్టే. మామూలుగా ఈ మిగిలిన కోణం 3 లోపు ఉండాలంటారు, ఎంత తక్కువైతే అంత మంచిది. 8 డిగ్రీల జాయింటు ప్రతి చుట్టులో రెండుసార్లు దాదాపు 1 శాతం పైకీ 1 శాతం కిందకీ పోతుంది. అంకెగా చిన్నదే కానీ పినియన్ వెనక క్రౌన్, యాక్సిళ్ళు, చక్రాల బరువు మొత్తం ఉంది, దాన్ని సెకనుకి 56 సార్లు కుదిపితే ఫ్లోరు మోగక ఏం చేస్తుంది.

పినియన్ 4.5 దగ్గర ఉండుంటే రెండూ 4, 4 అయ్యేవి. ఇప్పుడు సరిగ్గా నాలుగు డిగ్రీలు తక్కువ, మేస్త్రిగారు చెప్పిన రెండు డిగ్రీల వెడ్జ్ తిరగబడిన లెక్కే. లోడులో ఎందుకు పోతోందో కూడా ఇదే చెప్తుంది, చాసిస్ దిగితే వెనక షాఫ్టు పల్లం తగ్గుతుంది, 5 డిగ్రీలకి వచ్చిందనుకుంటే మధ్య జాయింటు అర డిగ్రీ, పినియన్ జాయింటు 4.5, మిగిలేది కూడా నాలుగున్నరే. ఉంది కానీ కుదుపు సగం కంటే తక్కువైపోయింది, పైగా లోడు బరువుకి ఫ్లోరు మోగదు.

లాంగ్‌రూట్:
ఈ లెక్క నాకు నచ్చింది, లోడు సంగతి నేను పట్టించుకోలేదు. ఒక మాట, 8 డిగ్రీలలో ఇన్నాళ్ళు తిరిగిన క్రాసు కొత్తదైనా సరే విప్పి చూడాలి, లోపలి నీడిళ్ళు (సూదుల్లాంటి బేరింగ్ కడ్డీలు) గీతలు పెట్టి ఉంటాయి.

ఆరుచక్రాలు:
విప్పాం. రెండు వైపులా వెడ్జ్ మందం అంచు ముందుకే ఉంది. మేస్త్రిగారూ మీరు చూడకుండానే చెప్పేశారు, చాలా చాలా థాంక్స్. సరిగా తిప్పి పెట్టి కొత్త యూ బోల్టులతో బిగించాం, పినియన్ ఇప్పుడు 4.4. పినియన్ వైపు క్రాసు మీద వేలితో తడిమితే తెలిసేంత గీతలు ఉన్నాయి, అదీ మార్చాం. నిన్న ఖాళీగా హైవే మీద నడిపాను, బూమ్ పోయింది, 56 పీక్ దాదాపు కనిపించడం లేదు.

కానీ 28లో ఉన్న చిన్న పీక్ అలాగే ఉంది, 65 దాటితే కాళ్ళకి సన్నగా తెలుస్తోంది. ఇంతకుముందు పెద్దదాని కింద తెలిసేది కాదు. వదిలేయొచ్చా?

షాఫ్ట్‌పని:
వదలకండి, సెంటర్ బేరింగూ పినియన్ సీలూ తినేస్తుంది. ఇది ఇప్పుడు నిజంగానే ఒక చుట్టుకి ఒకసారి తన్నే బాధ. షాఫ్టు బ్యాలెన్స్ బాగానే ఉండొచ్చు, కానీ షాఫ్టు ఫ్లాంజ్‌కీ పినియన్ ఫ్లాంజ్‌కీ ఇద్దరికీ కొంచెం కొంచెం తేడా ఉండి రెండూ ఒకే వైపు పడితే కలిసిపోతాయి. నాలుగు బోల్టులు విప్పి షాఫ్టుని అర చుట్టు తిప్పి బిగించండి, స్ప్లైన్ ముట్టుకోవద్దు, యోకుల వరస చెడదు. ముందు ఇప్పుడున్న స్థానానికి సుద్దతో గుర్తు పెట్టుకోండి. ఫ్లాంజ్ ముఖాల మధ్య తుప్పూ రంగూ ఉంటే గోకేయండి, అక్కడ కాగితమంత మందం ఉన్నా ఆ చివర షాఫ్టు సెంటర్ తప్పుతుంది. అప్పటికీ తగ్గకపోతే డయల్ గేజ్ పెట్టి ట్యూబు రనౌట్ (తిప్పితే ఎంత పక్కకి ఊగుతోందో) చూడాలి, చివర్ల దగ్గర పావు మిల్లీమీటరు దాటితే అనుమానించండి.

కమాన్‌మేస్త్రి:
కొత్త యూ బోల్టులు కొంచెం నడిచాక సర్దుకుని వదులవుతాయి బాబూ. లోడు మీద ఒకసారి తిరిగొచ్చాక టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్నంత మళ్ళీ బిగించండి. వదులుగా ఉంటే సెంటర్ బోల్టు తెగుతుంది, హౌసింగ్ ఒకవైపు జరుగుతుంది, అప్పుడు అదురు కంటే పెద్ద కష్టం.

ఆరుచక్రాలు:
అర చుట్టు తిప్పాం, ముఖం మీద పాత రంగు పెచ్చులు ఉన్నాయి, గోకాం. 28 పీక్ ఇప్పుడు యాప్‌లో వెతికితే తప్ప దొరకడం లేదు, కాళ్ళకి అసలు లేదు. యూ బోల్టులు కూడా మళ్ళీ బిగించాం, నిజంగానే కొంచెం తిరిగాయి.

పదిచక్రాలు:
ఈ థ్రెడ్ మొత్తం చదివాను, నా బండిది వేరే తీరు. వెనక ఎయిర్ సస్పెన్షన్, రెండు యాక్సిళ్ళు. స్పీడులో ఏమీ లేదు, కానీ లోడుతో నిలబడి కదిలేటప్పుడు మొదటి రెండో గేర్లలో గడగడ అని వణుకుతుంది, 15 దాటితే ఆగిపోతుంది. నాది కూడా కోణాలేనా?

గ్రీజుచేతులు:
కోణాలే కావొచ్చు కానీ దారి వేరు. మీది స్పీడుతో కాదు, టార్కుతో వచ్చేది. ముందుగా రైడ్ హైట్ (యాక్సిల్ మీద చాసిస్ నిలబడే ఎత్తు) కొలవండి, ఆ ఎత్తుని నిలిపే లెవెలింగ్ వాల్వ్ లివరు వంగినా ఎవరైనా తిప్పినా బెలోలు (గాలి స్ప్రింగులు) ఎత్తు పెరిగి కోణాలు మారిపోతాయి, ఆ బండ్లలో ఇది చాలా ఎక్కువ. అది కంపెనీ ఇచ్చిన అంకెలో ఉంటే టార్క్ రాడ్ (యాక్సిల్‌ని తిరగకుండా పట్టి ఉంచే కడ్డీ) బుష్‌ల దగ్గరికి వెళ్ళండి, ఒకరు బండిని గేరులో కొంచెం ముందుకీ వెనక్కీ అనిస్తుంటే ఇంకొకరు పక్కన దూరంగా నిలబడి రాడ్ల చివర్లు ఎంత కదులుతున్నాయో చూడాలి, కిందకి దూరొద్దు. ఆ తర్వాత సెంటర్ బేరింగ్ రబ్బరు. రెండు యాక్సిళ్ళ మధ్య చిన్న షాఫ్టు ఉంటుంది కదా, దాని రెండు జాయింట్ల కోణాలూ, రైడ్ హైట్ అంకే ఇక్కడ పెట్టండి. క్లచ్ గడగడ కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి క్లచ్ పూర్తిగా వదిలేసిన తర్వాత కూడా వణుకు ఉంటోందా లేదా అదీ రాయండి.